జేబు చిక్కకుండా ఒళ్ళు తగ్గాలంటే...

ఆ మధ్య ఒక సాయంత్రం ముగ్గురు కుర్రాళ్ళు నా క్లినిక్కుకు వచ్చారు. వచ్చారనడం కంటే, ఇద్దరు కలిసి మూడోవాణ్ణి పట్టుకొచ్చారనడం సబబు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయాడట. ముఖం పాలిపోయి ఉంది. చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. గ్లూకోజు నీళ్ళు తాగించి అరగంట పడుకోబెట్టాక మనిషి మనిషయ్యాడు.

"ఏం తిన్నావు బాబూ పొద్దున్నుంచి?" అని అడిగితే మాట్లాడడే! పక్కనున్న స్నేహితుడు సమాధానం చెప్పాడు. "ఏమీ తినలేదు సార్. పదిహేను రోజుల నుంచి ఇంతే. పొద్దున ఒక పౌడరు కలుపుకుని తాగుతాడు, రాత్రికి ఒక ఆపిల్ తింటాడు."

ఆ పౌడరు డబ్బా సంచిలోనే ఉంది. తీసి చూశాను. ధర రెండువేల ఎనిమిది వందలు. ఇరవై రోజులకు వస్తుందట. వాళ్ళ నాన్న చిన్న పట్నంలో దర్జీ. పుస్తకాలకని ఆయన పంపిన డబ్బు ఆ డబ్బాలోకి వెళ్ళిపోయింది. స్నేహితులు నవ్వుతున్నారని, ఫోటోలో గడ్డం రెండుగా కనిపిస్తోందని, అక్క పెళ్ళిలోగా సన్నబడాలని ఈ తంటాలన్నీ పడ్డాడు.

ఇటువంటి కేసులు నెలకు రెండు మూడైనా చూస్తున్నాను. వీళ్ళలో సరదాకి డైటింగు చేసే గొప్పింటి పిల్లలు తక్కువ. ఊరు వదిలి వచ్చి, గది అద్దెకు తీసుకునో, హాస్టలులోనో ఉంటూ, ఇంటి నుంచి వచ్చే నాలుగైదు వేలతో నెల గడుపుకునే పిల్లలే ఎక్కువ. ఒళ్ళు తగ్గాలంటే డబ్బుండాలని వీళ్ళకు ఎవరు చెప్పారో గాని గట్టిగా చెప్పారు. ఓట్సూ, ఆలివ్ నూనే, బాదం పాలూ కొనలేరు గనుక, మిగిలిన ఒకే ఒక దారి కడుపు మాడ్చుకోవడం అనుకుంటున్నారు. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం. మీరు విద్యార్థులైతే మీ కోసం, కాకపోతే ఎక్కడో గదిలో ఉంటున్న మీ అబ్బాయి కోసమో అమ్మాయి కోసమో చదవండి.

అసలు మీరు లావేనా?

ముందు ఇది తేల్చుకోవాలి. అద్దం చెప్పేది నమ్మకండి, స్నేహితులు చెప్పేది అసలే నమ్మకండి. మీ బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకోండి. బరువును ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతో భాగించండి. మన దేశపు వాళ్ళకు ఆ అంకె 23 లోపల ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 23 నుంచి 25 వరకు కాస్త జాగ్రత్త పడవలసిన బరువు. 25 దాటితే స్థూలకాయం క్రిందే లెక్క. పాశ్చాత్యులకు ఈ హద్దులు ఇంకొంచెం పైన ఉంటాయి. కాని మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ క్రొవ్వు చేరి, చక్కెర జబ్బు, రక్తపోటు ముందుగా వస్తున్నాయి గనుక మనకు హద్దు తగ్గించారు.

ఒక టేపు తీసుకుని నడుము కూడా కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే బరువు ఎంత ఉన్నా సరే, తగ్గించవలసిందే.

మన కుర్రాడి ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. లెక్క వేస్తే 27.6 వచ్చింది. అంటే తగ్గాలనుకోవడంలో అతని తప్పు లేదు. ఎంచుకున్న దారే తప్పు. అదే వారం వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయికి మాత్రం ఇదే లెక్క 20 వచ్చింది. "నువ్వు తగ్గవలసినది ఏమీ లేదమ్మా, నీకు కావలసింది రక్తం" అని చెబితే నమ్మకుండా వెళ్ళిపోయింది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

పదకొండు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇంట్లో ఉన్నప్పుడు ఇతను 67 కిలోలు. రెండేళ్ళ హాస్టలు, గది జీవితంలో 11 కిలోలు పెరిగాడు. ఒక కిలో క్రొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి దాగి ఉంటుంది. పదకొండు కిలోలంటే దాదాపు 85 వేల కేలరీలు. రెండేళ్ళకు పంచి చూడండి. రోజుకు 116 కేలరీలు తేలుతుంది. రెండు చక్కెర టీలు, రెండు బిస్కట్లు, అంతే! ఇది మోటు లెక్క. ఒళ్ళు పెరిగేకొద్దీ దాన్ని మోయడానికి ఖర్చూ పెరుగుతుంది గనుక నిజంగా అదనంగా తిన్నది ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా విషయం అర్థమైంది కదా. ఎవరూ ఒక్కరోజు విందు తిని లావెక్కరు. రోజూ కొసరు తిని లావెక్కుతారు.

ఆ కొసరు ఎక్కడిదో తెలుసుకోవాలని, అతను మామూలుగా తినేదంతా కాగితం మీద రాయించాను. మీరూ ఒక వారం రాసి చూడండి, సిగ్గుపడకుండా.

పొద్దున లేచేది ఎనిమిదిన్నరకు. తొమ్మిదికి క్లాసు. టిఫిను లేదు, టీ మాత్రమే. పదకొండుకు క్యాంటీనులో సమోసా, మళ్ళీ టీ. ఒంటిగంటన్నరకు మెస్సులో భోజనం. ఆకలి మీద ఉంటాడు గనుక నాలుగుసార్లు అన్నం. సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, లేకపోతే నూడుల్సు. రాత్రి "లైటుగా" నాలుగు చపాతీలు, కుర్మా. చదువుకునేటప్పుడు పదకొండుకూ ఒంటిగంటకూ టీ, బిస్కట్లు. వారానికి మూడు నాలుగు కూల్‌డ్రింకులు.

టీలు మొత్తం నాలుగు. ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర, అంటే పది గ్రాములు. నాలుగు టీలకు నలభై గ్రాముల చక్కెర, 160 కేలరీలు! రోజంతటికీ పైనుంచి వేసుకునే చక్కెర పాతిక గ్రాములు మించకుండా ఉంటే మంచిది. ఇక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసా ఒకటి తాగితే ముప్ఫై గ్రాములకు పైగా చక్కెర ఒక్క గుక్కలో లోపలికి పోతుంది.

గమనించారా? ఈ జాబితాలో పండు లేదు. గ్రుడ్డు లేదు. ఆకుకూర లేదు. పెరుగు కూడా మెస్సువాడు పోసే నీళ్ళ మజ్జిగే. ఇతను ఎక్కువ తింటున్నాడు. అదే సమయంలో కావలసినవి తినడం లేదు. లావుగా ఉన్నవాడికి పోషకాహార లోపం ఏమిటి అని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఉంటుంది, బోలెడు ఉంటుంది.

మెస్సులో తినే పద్ధతి

మెస్సు గురించి ఒక మాట చెప్పాలి. నెలకు డబ్బు ముందే కట్టేస్తాం. అన్నం ఎంతైనా పెడతారు. "కట్టిన డబ్బు కిట్టించుకోవాలి" అన్న పట్టుదలతో మూడోసారీ నాలుగోసారీ పెట్టించుకుంటారు పిల్లలు. దీనివల్ల మెస్సు యజమానికి పోయేదేమీ లేదు. ఒక పళ్ళెం అన్నంలో పట్టే బియ్యం ఖరీదు అయిదారు రూపాయలు. అందుకే అన్నం విషయంలో ఆయన చేయి అంత పెద్దది. పప్పులో మాత్రం పప్పు కోసం వెతుక్కోవాలి. మీరు కిట్టించుకోదలచుకుంటే కిట్టించుకోవలసింది పప్పు, కూర, పెరుగు, గ్రుడ్డు. అవి రెండోసారి అడగండి. మొహమాటం వద్దు.

పళ్ళెంలో ముందు కూరా పప్పూ సగం వరకు వడ్డించుకుని, మిగిలిన సగంలో అన్నం పెట్టించుకోండి. మన అలవాటు దీనికి సరిగ్గా తలక్రిందులు. అన్నం గుట్టగా పోసుకుని, నడుమ గుంట చేసి, అందులో కాస్త పప్పు. ఆవకాయతో నాలుగు ముద్దలు ఎక్కువే వెళతాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరగాయ మానమని నేను అనను, అంటే మీరు ఈ పేజీ తిప్పేస్తారు. కాని ఊరగాయ కూర కాదు. రోజుకొక ముక్క, నూనె ఓడ్చి.

డబ్బుకు మరీ కటకటగా ఉన్న రోజుల్లో అయిదు రూపాయల భోజనం ఉండనే ఉంది. హైదరాబాదులో నగరపాలక సంస్థ వారు 2014లో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. అక్కడ తినడం నామోషీ అనుకునే కుర్రాడు, అదే వీధిలో వంద రూపాయలకు అట్టపెట్టెలో నూడుల్సు తింటాడు! అయిదు రూపాయల భోజనం తిని, దారిలో ఒక ఉడికించిన గ్రుడ్డు, ఒక అరటిపండు కొనుక్కుంటే ఆ పూటకు లోటు లేదు.

అన్నం మానేయాలా?

ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న. అక్కర్లేదు.

నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. నూరు గ్రాముల జొన్నపిండిలోనూ, గోధుమపిండిలోనూ, రాగిపిండిలోనూ కొంచెం అటూ ఇటూగా 320 నుంచి 335 వరకు ఉంటాయి. పెద్ద తేడా లేదు. "రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నాను డాక్టరుగారూ, అయినా తగ్గడం లేదు" అని వాపోయేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. నాలుగు చపాతీలకు పట్టే పిండి సుమారు 120 గ్రాములు. దాని కేలరీలు నాలుగు వందలకు దగ్గర. ఒక్కో చపాతీకి పెనం మీద అరచెంచాకు పైగా నూనె, నాలుగింటికీ కలిపి మరో నూరు. వెరసి అయిదు వందలు. ఆ మాటకొస్తే నూరు గ్రాముల బియ్యం వండితే పళ్ళెం నిండా అన్నం అవుతుంది, 350 కేలరీలతో సరి!

అయితే జొన్నా రాగీ దండగ అని అర్థం చేసుకోకండి. వాటిలో పీచు ఎక్కువ గనుక త్వరగా ఆకలి వేయదు. రాగుల్లో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో దానికి సాటి లేదు. పాలు కొనలేని విద్యార్థికి రాగిజావ వరం. కాని రాగిసంకటి రెండు ముద్దలకు బదులు నాలుగు తింటే మాత్రం రాగులు మిమ్మల్ని కనికరించవు.

హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన దేశంలో ఏ గింజలో ఏముందో కొలిచి పుస్తకం వేసినవారు వాళ్ళే. ఆ సంస్థ 2024లో దేశ ప్రజలకు ఆహార సూచనలను కొత్తగా ప్రకటించింది. రెండు వేల కేలరీలు కావలసిన మనిషికి రోజుకు ధాన్యాలు సుమారు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు నూరు గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, పల్లీల వంటి గింజలు గుప్పెడు, నూనె పాతిక గ్రాములకు కాస్త పైన అని వాళ్ళ లెక్క. మన పిల్లల పళ్ళెంలో ధాన్యం దీనికి రెట్టింపు, పప్పు మూడోవంతు, కూర పావు వంతు. రోగమంతా అక్కడే ఉంది.

గదిలో వంట: వంద రూపాయల రోజు

ఆ ముగ్గురు కుర్రాళ్ళదీ ఒకే గది. ఒక రైసు కుక్కరు, ఒక చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, ఒక పెనం ఉన్నాయి. పొయ్యి మీద మ్యాగీ తప్ప ఏమీ ఉడకలేదట! నేను వాళ్ళకు చెప్పిన పద్ధతి మీకూ చెబుతాను. ధరలు ఊరికి ఒక రకంగా, ఋతువుకు ఒక రకంగా ఉంటాయి గనుక అంకెలు సుమారుగానే తీసుకోండి.

రైసు కుక్కరుతో పాటు ఒక చిన్న కొలత కప్పు ఇస్తారు. దాంతో సమంగా కొలిస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం. మనిషికి ఒక కప్పు, అది రెండు పూటలకూ కలిపి. ఇదొక్కటి పాటిస్తే సగం పని అయిపోయినట్టే. ఖర్చు ఎనిమిది తొమ్మిది రూపాయలు.

పప్పు మనిషికి 60 గ్రాములు. కందిపప్పు ధర మండుతున్నప్పుడు పెసరపప్పు, అదీ ప్రియమైతే సెనగలు, బొబ్బర్లు, ఉలవలు. మాంసకృత్తుల విషయంలో ఇవన్నీ అన్నదమ్ములే. పప్పు ఎప్పుడూ ఒట్టిగా వండకండి. తోటకూరో, పాలకూరో, గోంగూరో, సొరకాయో వేసి వండితే కూరా పప్పూ ఒకే గిన్నెలో అయిపోతాయి. గ్యాసూ మిగులుతుంది, తోమవలసిన గిన్నే మిగులుతుంది. హాస్టలు పిల్లలకు ఈ రెండో లాభమే ముఖ్యం! ఎనిమిది రూపాయలు.

గ్రుడ్లు రెండు, పదమూడు పధ్నాలుగు రూపాయలు. ఒక్కో గ్రుడ్డులో ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులు, 70 కేలరీలు ఉంటాయి. పచ్చసొన పారేసే ఫ్యాషను ఒకటి బయలుదేరింది. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ళ మనిషి పచ్చసొన పారేయడమంటే, కొబ్బరికాయ కొట్టి కొబ్బరి పారేసినట్టే. గ్రుడ్డు తినని శాకాహారులకు మీల్ మేకరు ఉంది. నూరు గ్రాముల్లో యాభై గ్రాములకు పైగా మాంసకృత్తులున్న ఇంత చౌక వస్తువు బజారులో ఇంకొకటి నాకు కనిపించలేదు. ముప్ఫై గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి, పిండి, టమాటాతో వండుకుంటే అయిదు రూపాయల్లో పదిహేను గ్రాములు వస్తాయి. పౌడరు డబ్బా అమ్మినవాడు ఈ సంగతి చెప్పడు.

పాలు, పెరుగు కలిసి 300 మిల్లీలీటర్లు, పద్దెనిమిది ఇరవై రూపాయలు. వెన్న తీసిన పాల ప్యాకెట్టు కొనండి, రాత్రి మీరే తోడు వేయండి. గదిలో తోడుకోదంటారు గాని, వేసవిలో నాలుగు గంటల్లో తోడుకుంటుంది.

కూరగాయలు నాలుగు వందల గ్రాములకు పదిహేను రూపాయలు. 1999 నుంచీ మనకు రైతుబజార్లు ఉన్నాయి. అక్కడ మూసేవేళకు, అంటే సాయంత్రం వెళితే బేరం ఇంకా బాగుంటుంది. సొర, బీర, దొండ, క్యాబేజీ, ముల్లంగి, ఏది చౌకగా ఉంటే అది. మునగచెట్టు ఉన్న ఇంట్లో అద్దెకుంటే ఆకు ఊరకే దొరుకుతుంది, ఇంటావిడను అడగండి. పండు విషయంలో ఆపిల్ వైపు చూడకండి. జామపండులో నూరు గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంది. ఆపిల్‌లో అందులో పదోవంతైనా లేదు. ధర మాత్రం జామకు మూడు నాలుగు రెట్లు!

ఇక పొద్దున టిఫిను. మానేయడం వల్ల ఏమవుతుందో సమోసా కథలో చూశాం. తెల్లవారి వంటకు తీరిక లేనివాళ్ళు రాత్రి అన్నం ఒక గరిటె పక్కన పెట్టి, పాలు పోసి తోడు వేసి, పొద్దున ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకు తినండి. చద్దన్నాన్ని వెక్కిరించే కాలం పోయింది, ఇప్పుడు పట్నాల్లో పెద్ద హోటళ్ళే మట్టిమూకుళ్ళలో పెట్టి అమ్ముతున్నాయి. కాస్త ఓపిక ఉంటే పెసలు రాత్రి నానబోసి పొద్దున పెసరట్టు. ఉప్మా చేస్తే రవ్వ ఎంతో క్యారెట్టు, బీన్సు, ఉల్లిపాయ ముక్కలు అంత వేసి, గుప్పెడు పల్లీలు చేర్చండి.

సాయంత్రం అయిదు, ఏడు గంటల మధ్య మనిషి బజ్జీల బండి దగ్గర ఓడిపోతాడు. ఆ వేళకు చేతిలో ఏదైనా ఉండాలి. ఒకరోజు వేయించిన పల్లీలు పాతిక గ్రాములు, ఒకరోజు సెనగ గుగ్గిళ్ళు, నిమ్మకాయ పిండి. పల్లీలు గుప్పెడంటే గుప్పెడే సుమా. పాతిక గ్రాముల్లో 140 కేలరీలున్నాయి. సినిమా చూస్తూ పొట్లం ఖాళీ చేస్తే పూట భోజనం అయినట్టే.

నూనె మనిషికి రోజుకు పాతిక గ్రాములు. ముగ్గురున్న గదికి నెలకు రెండున్నర లీటర్లు దాటకూడదు. చెంచాలతో కొలవక్కర్లేదు, నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్క పెట్టుకుంటే చాలు. ఒక్క గ్రాము నూనెలో 9 కేలరీలు. అన్నిటికంటే బరువు పెంచేది, అన్నిటికంటే కంటికి కనిపించనిది ఇదే.

మొత్తం కూడి చూడండి. టిఫినుకు వాడే రవ్వో పెసలో కలుపుకున్నా తొంభై రూపాయల ప్రాంతం. ఉప్పూ పోపూ గ్యాసూ వేసుకుంటే వంద. అందులో దగ్గర దగ్గర 1,900 కేలరీలు, 65 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. మన కుర్రాడి శరీరం రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 2,400. రోజుకు అయిదు వందలు తరుగు పడుతుంది గనుక వారానికి అరకిలో దిగాలి. అంతకంటే వేగంగా దిగితే సంతోషించకండి. క్రొవ్వుతో పాటు కండ కూడా కరుగుతోందని అర్థం.

ఆ పౌడరుకు రోజుకు నూట నలభై రూపాయలు పడింది. కళ్ళు తిరగడం అందులో కలిపే ఇచ్చారు.

ఆడపిల్లల సంగతి

ఇందాక చెప్పిన డిగ్రీ అమ్మాయి నెల తర్వాత మళ్ళీ వచ్చింది, ఈసారి తల్లితో. జుట్టు రాలిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం. నెలసరి రెండు నెలలుగా రాలేదు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2 ఉంది. ఆమె మూడు నెలలుగా పొద్దున నిమ్మరసం, తేనె వేడినీళ్ళలో కలుపుకుని, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు తింటోంది. తేనె క్రొవ్వును కరిగిస్తుందని ఎవరు పుట్టించారో! పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలు ఉన్నాయి, చక్కెర లాగే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ మీద ఉపవాసాలు కూడా చేస్తే ఏమౌతుంది? ఆడపిల్లలు ఒళ్ళు తగ్గాలనుకుంటే ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. తోటకూర, గోంగూర, సెనగలు, ఉలవలు రోజూ ఏదో ఒకటి తినండి, దాని మీద నిమ్మకాయ పిండుకోండి. నిమ్మ పులుపుకు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టించే గుణం ఉంది. భోజనం కాగానే టీ తాగితే అదే ఇనుము పట్టకుండా పోతుంది. గంటన్నర ఆగి తాగండి.

తల్లులకు ఒక మనవి. పిల్ల ఫోను చేస్తే "తిన్నావా?" అని అడుగుతారు, "తిన్నాను" అంటుంది, అంతటితో మీ మనసు కుదుటపడుతుంది. "ఏం తిన్నావు?" అని అడగండి. ఈ అమ్మాయి మూడు నెలల పాటు రోజూ "తిన్నాను" అనే చెప్పిందట.

నడక, నిద్ర

జిమ్ములో చేరడానికి డబ్బు లేదని దిగులు వద్దు. అరగంట చురుకుగా నడిస్తే 120, 150 కేలరీలు ఖర్చవుతాయి. అంటే ఒక సమోసాను అరిగించడానికి సుమారు గంట నడవాలి. అందుకే నడక ఒక్కటే నమ్ముకుని తిండి వదిలేసిన వాళ్ళు తగ్గరు. కాని తిండి తగ్గించి నడక లేనివాళ్ళకు కండ కరుగుతుంది. రెండూ కావాలి. రెండు స్టాపుల ముందే బస్సు దిగండి. లిఫ్టు మానండి. గదిలో పన్నెండు సూర్య నమస్కారాలకు చాప చాలు.

రాత్రి రెండింటి వరకు మేలుకుని చదివే అలవాటు కూడా ఒళ్ళు పెంచుతుంది. నిద్ర చాలని మనిషికి మర్నాడు ఆకలి ఎక్కువ, అదీ తీపి మీదకూ వేపుళ్ళ మీదకూ పోతుంది. పదకొండు దాటాక తాగే టీలో చక్కెర ఉంటుంది, పక్కన బిస్కట్టు ఉంటుంది, నిద్రను అది చెడగొడుతుంది. ఒక్క దెబ్బకు మూడు నష్టాలు. ఆ వేళ నోరు ఊరుకోకపోతే మజ్జిగ తాగండి.

పౌడర్లు, ఇంజెక్షన్లు

కండలు పెంచుతామనే ప్రొటీను పౌడర్లు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో స్పష్టంగానే ఉంది. ఒళ్ళు కరిగిస్తామనే పౌడర్లూ, కషాయాలూ, ముఖ్యంగా లోపల ఏముందో సీసా మీద సరిగ్గా రాయనివీ ముట్టుకోకండి. కొన్నిటిలో విరేచనాల మందు కలుపుతారు. దానితో పోయేది నీరే.

వారానికొకసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన మందుల షాపుల్లోకి కూడా వచ్చాయి. అవి పని చేస్తాయి, అబద్ధం కాదు. కాని అవి స్థూలకాయం మరీ ఎక్కువై, దానితో జబ్బులు కూడా చేరినవాళ్ళకు డాక్టరు చూసి రాసే మందులు. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. పెళ్ళి ఫోటోల కోసం స్నేహితుడి దగ్గర తెచ్చుకుని పొడుచుకునేవి కావు.

ఆ తర్వాత

మన కుర్రాడు నాలుగు నెలల తర్వాత వచ్చాడు. 72న్నర కిలోలు. "ఇంకా తగ్గాల్సింది సార్, మధ్యలో అక్క పెళ్ళి, సంక్రాంతి వచ్చాయి" అన్నాడు కాస్త సిగ్గుగా. వాళ్ళమ్మ డబ్బాడు అరిసెలు, డబ్బాడు సున్నుండలు కట్టి పంపిందట. సున్నుండ చెడ్డ తిండి కాదు, మినుములూ బెల్లమూ నెయ్యీ కదా! రోజుకొకటి తిని, మిగిలినవి గదిలో పంచమన్నాను. పెళ్ళికి సన్నబడ్డాడా అని ఎవరూ అడగలేదట. వంట నేర్చుకున్నాడని మాత్రం వాళ్ళ నాన్న నలుగురికీ చెప్పుకున్నాడట.

చివరగా, ఎవరు ముందు డాక్టరును చూడాలో చెప్పి ముగిస్తాను. తిండి మారకుండానే నెలల్లో ఒళ్ళు పెరిగినవాళ్ళు, మెడ వెనుక చర్మం నల్లగా మందంగా అయినవాళ్ళు, నెలసరి తప్పుతూ ముఖం మీద వెంట్రుకలు వస్తున్న ఆడపిల్లలు, ఎప్పుడూ చలిగా నీరసంగా ఉండేవాళ్ళు, తల్లిదండ్రుల్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా థైరాయిడ్, రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో వీటికి డబ్బు పెట్టవలసిన పనిలేదు. పరగడుపున వెళ్ళాలి గనుక సంచిలో రెండు అరటిపండ్లు వేసుకు వెళ్ళండి, రక్తం ఇచ్చిన వెంటనే తినడానికి.